మనవడి కారు – మన డబుల్ లాక్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1982లో ఇదే రోజున. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని మీద మాట్లాడడానికి నాకంటె అర్హులు ఈ వేదిక మీద ఉన్నారు. మన కార్యదర్శి గారు నాతో, "కరువు భత్యం, బకాయిలు మేం చూసుకుంటాం. మీరు అమెరికా వెళ్ళొచ్చారు గదా, ఆ కబుర్లు ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి ఇదే సభలో ఇదివరకు ఇద్దరు చెప్పారు. నేను నయాగరా చూడలేదు. నేను చెప్పబోయేది ఒక కారు వెనకాల బిగించిన గ్యాసు సిలిండరు గురించి. నవ్వకండి. అది విన్నాక దానికీ మన ట్రెజరీకీ సంబంధం ఉందని మీరే ఒప్పుకుంటారు.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా మా అమ్మాయి ఇంటికి డల్లాస్ వెళ్ళాం. మా పెద్ద మనవడికి అప్పటికి 24 ఏళ్ళు. చదువైపోయింది, ఉద్యోగంలో చేరాడు. మొదటి ఏడాది జీతం కూడబెట్టి 2002 నాటి పాత కార్వెట్ కారు కొనుక్కున్నాడు. షెవ్రొలే కంపెనీ వారి స్పోర్ట్స్ కారు అది. ఇద్దరే కూర్చోవాలి. ఎక్కాలంటే నేలమీద పీటేసుకుని కూర్చున్నట్టు కూర్చోవాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. దాని ఇంజను 5.7 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, 350 అశ్వశక్తి. ఉద్యోగంలో ఉండగా నేను ఇరవై ఏళ్ళు నడిపిన స్కూటరు బలం ఏడో ఎనిమిదో గుర్రాలు. 350 గుర్రాలు చాలక మా వాడు ఇంకో వంద కావాలన్నాడు. అందుకోసం ఒక పెట్టె తెప్పించాడు. అందులో నీలం రంగు సిలిండరు, గొట్టాలు, వైర్లు ఉన్నాయి. దాన్ని నైట్రస్ కిట్ అంటారుట.

పెట్టె చూసి మా అమ్మాయి హడలిపోయింది. "నాన్నా, వాడు మా మాట వినడు. మీరు చెబితే వింటాడు. వద్దని చెప్పండి" అంది. అల్లుడుగారు పైకేమీ అనలేదుగానీ ఆయనకీ అదే భయం. రాత్రి భోజనాల దగ్గర అందరూ నా మొహం చూస్తున్నారు. నేను మనవడితో ఒకటే అన్నాను. "ఒరే, నేను వద్దనను, సరే అనీ అనను. ఫైలు చదవకుండా సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు. నువ్వు చేసే పని మొదటినుంచీ చివరిదాకా పక్కన కూర్చుని చూస్తాను. నేను అడిగిన ప్రతిదానికీ సమాధానం చెప్పాలి." వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. తాతయ్యకి ఏం తెలుస్తుందిలే అనుకుని ఉంటాడు.

ముందు ఆ గ్యాసు సంగతి చెబుతాను. నైట్రస్ ఆక్సైడ్ మనకు కొత్తది కాదు. 1772లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. 1799లో హంఫ్రీ డేవీ స్వయంగా పీల్చి చూసి, నవ్వు పుట్టిస్తోందని రాశాడు. అందుకే దానికి లాఫింగ్ గ్యాస్ అని పేరొచ్చింది. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు అది పీల్చి, నొప్పి లేకుండా తన పన్నే తీయించుకున్నాడు. మనలో ఆపరేషన్లు చేయించుకున్నవారిలో చాలామంది మత్తు డాక్టరు గారి దగ్గర ఈ గ్యాసు పీల్చే ఉంటారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు బిగించాల్సిన చోట ఈ సిలిండరు బిగిస్తే ప్రాణం పోతుంది. అందుకని మత్తుమందు యంత్రానికి తగిలించే చిన్న సిలిండర్ల మెడ మీద ఒక్కో గ్యాసుకు ఒక్కో చోట చిల్లులు పెడతారు, యంత్రం మీద ఆ చిల్లులకు సరిపోయే మేకులుంటాయి. తప్పు సిలిండరు పెడితే అసలు కూర్చోదు. మనిషి పరాకుగా ఉన్నా యంత్రం ఒప్పుకోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మరి ఈ గ్యాసుకు కారులో ఏం పని? మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. మంట మందగిస్తే ఊదుగొట్టం తీసుకుని ఊదేది. ఊదిన గాలి మండదు, కానీ మంటను లేపుతుంది. కారు ఇంజనులో నైట్రస్ చేసే పని అదే. అది మండే వాయువు కాదు. సుమారు 300 డిగ్రీల వేడి తగిలితే విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. మామూలు గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం, ఇందులో 36 శాతం. పైగా సిలిండరులో ద్రవంగా ఉన్నది బయటికి రాగానే ఆవిరై సున్నాకు 88 డిగ్రీలు దిగువన చల్లగా ఉంటుంది. దాంతో ఇంజనులోకి పోయే గాలి చల్లబడి చిక్కనవుతుంది. చిక్కటి గాలి, ఎక్కువ ఆక్సిజన్. దానికి తగినంత పెట్రోలు కూడా పోస్తే వంద గుర్రాలు పుట్టుకొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ విమానాలు చాలా ఎత్తున పల్చటి గాలిలో ఎగరడానికి ఇదే వాడారు. 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా తర్వాత ప్రపంచంలో కుర్రాళ్ళందరికీ దీని పేరు తెలిసింది.

ఇక్కడ "తగినంత పెట్రోలు" అన్నానే, ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది. ఊదుగొట్టంతో గట్టిగా ఊదుతూ కట్టె పెట్టకపోతే పొయ్యి ఆరిపోతుంది, అంతే. ఇంజను అలా ఆరిపోదు. నైట్రస్ వస్తూ పెట్రోలు తగ్గితే వేడి విపరీతంగా పెరిగి పిస్టన్లు కరుగుతాయి. రెండు మూడు సెకన్లు చాలు. దానికి విరుద్ధంగా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు నైట్రస్, పెట్రోలు వదిలితే అవి గాలి వెళ్ళే మానిఫోల్డులో పోగుపడి ఒక్కసారిగా పేలతాయి. ఈ కారులో ఆ మానిఫోల్డు నైలానుతో చేసినది. పగిలి ముక్కలవుతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఆ వాల్వులు తెరిచినా అంతే ప్రమాదం, మళ్ళీ స్టార్టు చేసిన క్షణాన పేలుతుంది. "ఈ మూడూ నీకు తెలుసా?" అని అడిగాను. "తెలుసు తాతయ్యా. అందుకే సేఫ్టీలు పెడుతున్నా" అన్నాడు. "అయితే ఒక్కొక్కటే చూపించు" అన్నాను.

మూడు శనివారాలు పట్టింది ఆ పని. కారు షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాను.

మొదటి శనివారం ఇంజను దగ్గర పని. ఉన్న స్పార్కు ప్లగ్గులు తీసి, వేడిని త్వరగా బయటికి పంపేవి, వాళ్ళ భాషలో ఒక మెట్టు చల్లనివి పెట్టాడు. నైట్రస్ వచ్చినప్పుడు నిప్పురవ్వ కొంచెం ఆలస్యంగా పడాలి. 50 అశ్వశక్తికి 2 డిగ్రీల చొప్పున వందకు 4 డిగ్రీలు వెనక్కి జరిపాడు. నైట్రస్‌కు ఒక సోలెనాయిడ్ వాల్వు, పెట్రోలుకు ఒకటి బిగించాడు. కరెంటు ఇస్తే తెరుచుకుని, తీస్తే స్ప్రింగు బలంతో మూసుకునే వాల్వులు అవి. కరెంటు పోతే మూత పడాలి తప్ప తెరుచుకోకూడదు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. పైపుల మరలకు వాడు ముద్దలాంటి సీలెంటు పూస్తుంటే, "మన ప్లంబర్లు తెల్ల టేపు చుడతారు గదరా" అన్నాను. "టేపు ముక్క తెగి లోపలికి పోతే వాల్వు మూసుకోదు తాతయ్యా" అన్నాడు. చిన్న టేపు ముక్కకు ఒక ఇంజను పోతుందన్నమాట. ఆఫీసులో ఒక సున్నా తప్పు పడితే ఎంత గొడవో మనకు తెలియదా!

రెండో శనివారం కరెంటు పని. నాకు బాగా అర్థమైంది ఇదే. నైట్రస్ రావాలంటే నాలుగు స్విచ్చులు ఒకే దారిలో, ఒకదాని తర్వాత ఒకటి కలవాలి. మొదటిది డ్రైవరు చేత్తో వేసే స్విచ్చి. ఇది వేస్తే సిద్ధంగా ఉన్నట్టు, అంతే. రెండోది యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితేనే కలిసేది. మూడోది ఇంజను వేగాన్ని చూసేది. మా వాడు దాన్ని నిమిషానికి 3,000 నుంచి 5,800 చుట్ల మధ్య పెట్టాడు. 3,000 లోపు అయితే ఇందాక చెప్పిన పేలుడు భయం. ఆ ఇంజను హద్దు 6,000. హద్దు దాటితే కారులోని కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది, అప్పుడు నైట్రస్ ఒక్కటే పోతే పిస్టను కరుగుతుంది. అందుకని అంతకు ముందే ఆగిపోవాలి. నాలుగోది పెట్రోలు ఒత్తిడిని చూసేది. ఆ కారులో పెట్రోలు ఒత్తిడి చదరపు అంగుళానికి 58 పౌన్లు ఉండాలి. 50 కంటె తగ్గితే ఈ స్విచ్చి విడిపోతుంది. ఈ నాలుగూ ఔనంటేనే రిలేకి కరెంటు వెళ్ళి వాల్వులు తెరుచుకుంటాయి. ఏ ఒక్కటి కాదన్నా మూతే.

అప్పుడు నేను వాడికి మన డబుల్ లాక్ సంగతి చెప్పాను. ఇక్కడున్న ట్రెజరీ వారికి చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతాను. సబ్ ట్రెజరీ స్ట్రాంగ్ రూములో స్టాంపులు, విలువైన వస్తువులు ఉంచే చోటికి రెండు తాళాలుంటాయి. ఒక చెవి ఎస్.టి.ఓ. గారి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ఇద్దరూ కలిసి వెళ్ళాలి, ఇద్దరూ చూడాలి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. "నీ స్విచ్చులు కూడా అవే. నీవి నాలుగు తాళాలు, మావి రెండు" అన్నాను. వాడికి ఆ మాట నచ్చింది. అప్పటినుంచి ఆ వైర్ల పెట్టెను డబుల్ లాక్ అనే పిలవడం మొదలెట్టాడు.

మూడో శనివారం సిలిండరు బిగించే పని. తగాదా వచ్చింది ఇక్కడే.

ముందు సిలిండరు మీద ముద్రలు చూశాను. మన వంటగ్యాసు బండ వచ్చినప్పుడు దాని మీద ఏ, బి, సి, డి అక్షరం, పక్కన సంవత్సరం చూసుకోవాలి గదా, మళ్ళీ పరీక్ష చేయాల్సిన గడువు అది. ఈ సిలిండరుకూ అయిదేళ్ళకోసారి పరీక్ష ఉంది. తేదీ సరిపోయింది. అక్కడి పోటీల వారు అడిగే 1,800 పౌన్ల ముద్ర కూడా ఉంది. అందులో 10 పౌన్ల గ్యాసు పడుతుంది, ఏడెనిమిది పరుగులకు వస్తుందిట. ఉక్కు పట్టీలు వేసి, ఎటూ కదలకుండా కారు వెనక భాగంలో బిగించాడు. ఈ గ్యాసులో ఎవరూ పీల్చకుండా కొంచెం గంధకపు వాసన కలుపుతారని కూడా చెప్పాడు.

సిలిండరు మెడ దగ్గర ఒక చిన్న మర కనిపించింది. ఏమిటని అడిగాను. లోపల ఒత్తిడి సుమారు 3,000 పౌన్లకు చేరితే సిలిండరు పగలకుండా అక్కడి రేకు బిళ్ళ చిట్లి గ్యాసు బయటికి పోతుందని చెప్పాడు. "బాగుంది. ఏ బయటికి?" అన్నాను.

వాడు మాట్లాడలేదు. ఎందుకంటే ఆ కార్వెట్‌లో వెనక డిక్కీ వేరుగా ఉండదు. మనం కూర్చునే చోటూ, సిలిండరు పెట్టిన చోటూ ఒకే గది. పైన పెద్ద అద్దం. బిళ్ళ చిట్లితే పది పౌన్ల గ్యాసు ఒక్కసారిగా డ్రైవరు చుట్టూ కమ్ముకుంటుంది. కళ్ళముందు తెల్లటి పొగ, చెవులు పగిలే చప్పుడు, పీల్చడానికి గాలి ఉండదు. అందుకోసమే కిట్టు కొనేటప్పుడు ఒక గొట్టం కూడా కొనాలి. ఒక కొస ఆ మరకు బిగించి, రెండో కొస కారు అడుగునుంచి బయటికి తీయాలి. మా వాడు కొన్నాడు కూడా. కానీ పెట్టెలోంచి తీయలేదు.

"తాతయ్యా, అది పెట్టాలంటే కారు ఫ్లోరుకి చిల్లు పెట్టాలి. చిల్లు పెడితే కారు విలువ పోతుంది. ఆ బిళ్ళ ఎప్పుడో గానీ చిట్లదు" అన్నాడు.

నేను మళ్ళీ అడిగాను. "ఈ గ్యాసు ఎంత వేడి వరకూ ద్రవంగా ఉంటుంది?" వాడే ఫోనులో చూసి చెప్పాడు. 36.4 డిగ్రీలు. ఆ పైన ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా ఉండదు. నిండు సిలిండరులో ఒత్తిడి గబగబా పెరుగుతుంది. మన శరీరం వేడి 37. డల్లాస్ ఎండ మన రోహిణీ కార్తె ఎండకు తీసిపోదు. ఆ రోజు బయట 40 ఉంది. పైన అద్దమున్న కారు ఎండలో రెండు గంటలుంటే లోపల ఎంతవుతుందో వాడికి నేను చెప్పనక్కరలేదు. "నాలుగు తాళాలు ఇంజనుకి వేశావు. మనిషికి వేయాల్సిన తాళం పెట్టెలో దాచావు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వాడికి కోపం వచ్చింది. పనిముట్లు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాడి గదిలోకి వెళ్ళి ఒక సంగతి చెప్పాను. ఇంట్లో మా ఆవిడకి తప్ప ఎవరికీ అంతవరకు చెప్పనిది. మీ అందరిముందు చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

1987లో నేనొక సబ్ ట్రెజరీలో పనిచేస్తున్నాను. డబుల్ లాక్ రెండో చెవి నా దగ్గర ఉండేది. మార్చి నెల, ఊపిరాడని పని. ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి, అంటే ఈ మనవడి తల్లికి, ఒళ్ళు కాలిపోతోందని కబురు వచ్చింది. అప్పుడే స్టాంపులు తీయాల్సి ఉంది. నేను నా చెవి తీసి అధికారి చేతిలో పెట్టి, "మీరే తీసుకోండి సార్, సంతకం పొద్దున్న పెడతాను" అని పరుగెత్తాను. ఆయన మంచివారు. అనుమానించవలసిన మనిషి కాదు. పొద్దున్నే వచ్చి చూడకుండా సంతకం పెట్టాను. తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు స్టాంపు కాగితాల లెక్క ఒక కట్ట తగ్గింది. ఆ తేదీ దగ్గర వేలుపెట్టి, "ఇది మీ సంతకమేనా? తీసినప్పుడు మీరు చూశారా?" అని అడిగారు. సంతకం నాదే. చూశారా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. పదకొండు రోజులు అన్నం సహించలేదు. ఆ కట్ట వేరే అర వెనక దొరికింది. ఎవరూ తీయలేదు, ఎవరి తప్పూ లేదు. నా ఉద్యోగం నిలిచింది. కానీ ఆ పదకొండు రోజులూ నేను మరిచిపోలేదు. రెండో తాళం ఎందుకు పెట్టారో నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. అవతలివాడు దొంగ అని కాదు. ఏదో ఒక రోజు మనం తొందరలో ఉంటామని.

వాడు విని ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున్న ఆరు గంటలకు షెడ్డులోంచి డ్రిల్లు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, కింద పెట్రోలు గొట్టాలు, వైర్లు లేని చోటు గుర్తుపెట్టుకుని చిల్లు వేసి, అంచుకు రబ్బరు వాసె వేసి, గొట్టం బయటికి తీస్తున్నాడు. నన్ను చూసి, "తాతయ్యా, కింద పడుకుని చూడండి, వస్తోందా?" అన్నాడు. 73 ఏళ్ళ వయసులో కారు కింద దూరి చూశాను. వచ్చింది. లేవడానికి మాత్రం అల్లుడుగారు రావాల్సి వచ్చింది. గొట్టం పెట్టాక కూడా, పోటీ రోజున తప్ప సిలిండరు కారులో ఉంచననీ, ఎండలో వదలననీ వాడంతట వాడే చెప్పాడు.

ఇక పరుగు సంగతి. డల్లాస్‌కు దక్షిణంగా ఎన్నిస్ అనే ఊళ్ళో టెక్సాస్ మోటోర్‌ప్లెక్స్ అని పెద్ద పందెపు బాట ఉంది. 1986లో కట్టారు. కాంక్రీటుతో వేసిన బాట, పావు మైలు, అంటే 402 మీటర్లు తిన్నగా. సాయంత్రాలు మామూలు జనం కూడా డబ్బు కట్టి తమ కార్లు పరుగు పెట్టించుకోవచ్చు. పక్కన అంబులెన్సు, మంటలార్పే మనుషులు సిద్ధంగా ఉంటారు. కారు తనిఖీ చేస్తారు, శిరస్త్రాణం పెట్టుకోవాలి. మా అమ్మాయి రానంది. చివరి నిమిషంలో వచ్చి కారెక్కింది.

మొదటి పరుగు నైట్రస్ లేకుండా చేశాడు. 13.4 సెకన్లు. తర్వాత సిలిండరు వాల్వు తెరిచి, ఒత్తిడి 950 పౌన్లు ఉందని చూసుకుని రెండోసారి వెళ్ళాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. కారు కొంత దూరం మామూలుగా వెళ్ళి, ఎవరో వెనకనుంచి తోసినట్టు ఒక్కసారి ముందుకు దూకింది. 12.5 సెకన్లు. తొమ్మిది పదోవంతుల సెకను తగ్గింది. మా అమ్మాయి నా చెయ్యి నొక్కి పట్టుకున్న గుర్తులు రాత్రిదాకా ఉన్నాయి.

మూడో పరుగులో కారు దూకింది, మళ్ళీ మధ్యలో చల్లబడింది. 13.1 వచ్చింది. వెనక్కి వచ్చి చూస్తే నాలుగో తాళం, పెట్రోలు ఒత్తిడి స్విచ్చి, నైట్రస్‌ని ఆపేసింది. వాడి స్నేహితుడొకడు, మన తెలుగు పిల్లవాడే, "ఆ స్విచ్చి పాడైందిరా. రెండు వైర్లూ కలిపేస్తే సరి, ఈ ఒక్క పరుగుకీ" అన్నాడు. వెనకాల లైనులో కార్లు ఆగి ఉన్నాయి. ఇంకొక్క పరుగుకే టైముంది. నేను దూరంగా కంచె అవతల ఉన్నాను. నన్ను అడగలేదు, నావైపు చూడనూ లేదు. సిలిండరు వాల్వు మూసేసి, కారు లైనులోంచి తప్పించి పక్కకు తెచ్చాడు. ఈ మాటలన్నీ తర్వాత ఆ స్నేహితుడే నాకు చెప్పాడు.

మర్నాడు గేజీ పెట్టి చూశారు. స్విచ్చి బాగానే ఉంది. ట్యాంకు దగ్గరున్న పెట్రోలు ఫిల్టరు పాతబడి మూసుకుపోయింది. ఇంజను గట్టిగా లాగినప్పుడు ఒత్తిడి 58 నుంచి 50 కిందికి జారుతోంది. ఆ రాత్రి రెండు వైర్లూ కలిపి ఉంటే నైట్రస్ వచ్చేది, పెట్రోలు వచ్చేది కాదు. ఏమయ్యేదో మీకు ఇందాకే చెప్పాను. ఫిల్టరు ఖరీదు కొద్ది డాలర్లు. ఇంజను ఖరీదు వాడి ఆరు నెలల జీతం. మా వాడు మీటరు పక్కన పెట్టి, "తాతయ్యా, మీ రెండో చెవి" అన్నాడు. అంతే అన్నాడు.

మిత్రులారా, ఈ కథ విని ఇంటికెళ్ళి మనవలకు నైట్రస్ కొనిపెట్టమని నేను చెప్పడం లేదు. మన రోడ్ల మీద ఇది కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వారు చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. అమెరికాలో కూడా దానికి తగిన బాటలున్నాయి, ఊరి రోడ్డు మీద కాదు. మా వాడితోనూ ఆ మాట తీసుకున్నాకే నేను విమానం ఎక్కాను.

నేను చెప్పదలచుకున్నది వేరు. పిల్లలు ఏదైనా కొత్త పని చేస్తామంటే మనకు రెండే మాటలు వస్తాయి, "వద్దు" అని గానీ, "నీ ఇష్టం" అని గానీ. రెండూ ఫైలు చదవకుండా పెట్టే సంతకాలే. కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని, "ఇది చెడితే ఏమవుతుంది? అప్పుడు అది ఎటు పోతుంది?" అని అడగడానికి ఇంజనీరింగు చదవక్కరలేదు. 36 ఏళ్ళు బిల్లులకు కొర్రీలు వేసినవాళ్ళం, ఆ మాత్రం అడగలేమా?

రెండోది మన గురించే. మన చేతుల్లో కూడా తాళాలున్నాయి. వంటగ్యాసు రెగ్యులేటరు, ఇంట్లో ఫ్యూజు, బ్యాంకు కార్డు నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ. "సార్, మీ లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, నంబరు చెప్పండి" అని ఎవరో మర్యాదగా ఫోను చేస్తారు. మనం తొందరలో ఉంటాం, పెన్షను ఆగుతుందని భయం. ఆ నంబరు మన రెండో చెవి. మంచివాడైనా సరే, అధికారి అయినా సరే, అది ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. ఒకసారి పెట్టినవాణ్ణి గనక చెబుతున్నాను.

మా అమ్మాయి పోయిన వారం ఫోను చేసింది. మనవడు ఆ కారు అమ్మకానికి పెట్టాడుట. చూడడానికి వచ్చిన ఆయన అడుగున చిల్లు చూసి ధర తగ్గించమన్నాడుట. మా వాడు తగ్గించలేదు. ఆ చిల్లు ఎందుకుందో అరగంట సేపు కూర్చోబెట్టి చెప్పాడుట.

ఇరవై నిమిషాలు దాటించినట్టున్నాను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు.